అక్క నడుము, నేనిచ్చిన ట్యూబు

కొడవలూరులో నాదొక మందుల షాపు. ఇరవై ఏళ్లుగా అదే కౌంటర్ వెనక, అదే స్టూలు మీద కూర్చుంటున్నాను. మా వాళ్లకు రోగం పేరుతో పనిలేదు. ఒకాయన వచ్చి కడుపు మీద చెయ్యి గిరగిరా తిప్పితే గ్యాస్ అని అర్థం. ఇంకొకాయన మెడ పట్టుకుని పైకప్పు వైపు చూస్తే నరం పట్టిందని. ఆడవాళ్లయితే మరీను, పక్కన మగవాడెవడైనా ఉంటే వాడు వెళ్లిపోయేదాకా పౌడరు డబ్బాలు లెక్కపెడుతూ నిలబడతారు. ఈ సైగల భాషకి పరీక్ష ఎవరూ పెట్టరు గానీ, పెడితే జిల్లా ఫస్టు నేనే. ఆ గర్వమే నా కొంప ముంచింది.

మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. చుట్టుపక్కల ఊళ్లలో వరి నాట్లు వేసే ఆడవాళ్ల గుంపొకటి ఉంది, దానికి మేస్త్రి ఆవిడే. పన్నెండుమంది ఆవిడ దిగమంటే మడిలో దిగుతారు, చాలంటే గట్టు మీదికి వస్తారు. నోరు కూడా అలాగే ఉంటుంది. ఒక మడిలో అరిస్తే నాలుగో మడిలో కొంగలు లేస్తాయి. అలాంటి మనిషి ఒక నాట్ల కాలంలో షాపుకొచ్చి, జనం పోయేదాకా మూల నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"రేయ్, దురదకి మందియ్యి."

"యాడక్కా?"

"యాడైతే నీకేందిరా? దురద దురదే గదా. ఇయ్యి."

ఇక్కడే చిక్కంతా. ఎక్కడో చూపించమని తమ్ముడు అడగలేడు. తమ్ముడికి చూపించడం అక్క వల్ల కాదు. నేను తల వంచుకుని ఒక ట్యూబు తీసిచ్చాను. ఆవిడ దాన్ని కొంగులో ముడేసుకుని వెళ్లిపోయింది. నడుము దగ్గర, లంగా బొందు కట్టుకునే చోట వచ్చిందని చాలాకాలం తర్వాత గానీ నాకు తెలియలేదు. నాట్లకి దిగే ఆడవాళ్లు చీర మోకాళ్ల పైకి ఎగదోపి, కుచ్చిళ్లన్నీ నడుము దగ్గర ముద్దగా బిగించుకుంటారు. ఆ ముద్ద తెల్లవారి తడిస్తే పొద్దు వాలేదాకా ఆరదు. తామరకి అంతకంటే మంచి కాపురం ఎక్కడ దొరుకుతుంది!

నేనిచ్చిన ట్యూబులో మూడు మందులు కలిపి ఉంటాయి. ఒకటి ఫంగస్‌ని చంపడానికి, ఒకటి వేరే క్రిములకి, మూడోది స్టెరాయిడ్. మంటనీ ఎరుపునీ దురదనీ టక్కున అణిచేది ఆ మూడోదే. జనానికి నచ్చేదీ అదే. రెండో రోజుకే అక్క దురద పోయింది. మూడో రోజు మడి గట్టు మీద అన్నాలు తిన్నాక ఆవిడ ఆకూ వక్కా పెట్టుకునే తిత్తి విప్పింది. ఆ గుంపులో ఒక పద్ధతుంది. తిత్తి ఒకరు విప్పితే అది వరస చివరిదాకా పోయి రావాలి. నాకే అని మూతి బిగించుకుంటే మర్యాద కాదు. ఆ రోజు ఆకులతో పాటు ట్యూబు కూడా వరసలో పోయింది. ఒకరికి తొడల దగ్గర, ఒకరికి చంకలో, ఒకరికి కాలివేళ్ల సందున. పన్నెండుమందీ చాటుకు పోయి తలా ఇంత పూసుకున్నారు.

ఇక చూడండి నా వైభవం! "అబ్బయ్యా, మేస్త్రమ్మ ట్యూబు ఒకటియ్యి" అంటూ వరసగా వచ్చారు. మందు పేరు పోయింది, అక్క పేరు మిగిలింది. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. పూయడం మానేస్తే మళ్లీ వస్తోందని ఎవరైనా అంటే, "తడిలో దిగితే రాక ఏం చేస్తాది?" అని ఇంకో ట్యూబు చేతిలో పెట్టాను. మానేస్తే రావడం, పూస్తే పోవడం, వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త జాగా ఆక్రమించడం. ఇలా ఏడాది దాటింది. ఒక్కరోజైనా నాకు అనుమానం రాలేదు. ఫార్మసీ చదివేటప్పుడు ఇదే ప్రశ్నకి నిండా నాలుగు పేజీలు రాసి పాసైన మహానుభావుణ్ణి నేను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అక్క కూతురు, అంటే మా మేనకోడలు, పక్క వీధిలోనే ఉంటుంది. దాని కూతురికి అప్పుడు రెండేళ్లు నిండబోతున్నాయి. ఆ పాప నన్ను తాతా అని పిలుస్తుంది, యాభై కూడా రాని నన్ను! సరే, వరస అలా కుదిరింది, ఏం చేస్తాం. పొద్దున్నంతా ఇల్లు పీకి పందిరేసే ఆ పిల్లకి సాయంత్రమైతే తనకి కాళ్లున్న సంగతే గుర్తుండేది కాదు. అక్క మడి నుంచి వచ్చి, స్నానం చేసి, దాన్ని చంకనేసుకుని వీధంతా తిరిగేది. కొంగల్ని చూపించేది, ఆటోల్ని చూపించేది, నా షాపుకొచ్చి నన్ను కూడా ఒక వింతలాగా చూపించేది. రోజంతా వంగిన నడుం మీద అంత బరువేంటక్కా అంటే, "ఇది ఎక్కితేనే నా నడుం సర్దుకుంటాది, నీకేం తెలుసు" అనేది. ఆ గంట కోసమే మిగతా రోజంతా బతుకుతున్నట్టు ఉండేది ఆవిడ ముఖం.

ఒకరోజు మేనకోడలు పాపని తెచ్చి కౌంటర్ మీద నిలబెట్టింది.

"మామా, ఇదేందో చూడు."

పాప ఎడమ తొడ లోపలి వైపు, గాజు పెట్టి గీసినట్టు గుండ్రంగా ఒక మచ్చ. అంచు ఎర్రగా ఉబ్బి పొలుసులు లేస్తోంది. మధ్యలో చర్మం మాత్రం తేటగా మామూలుగానే ఉంది. తామరే. అలవాటు కొద్దీ నా చెయ్యి ఆ ట్యూబు మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది. పసిదాని లేత చర్మానికి స్టెరాయిడ్ పూయించడానికి మనసు ఒప్పలేదు. సాయంత్రం ఆలోచించి చెబుతానని పంపించాను. మరి అక్క చర్మానికి ఏడాదిగా ఎలా ఒప్పిందిరా అని అప్పటికీ నన్ను నేను అడగలేదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లేసరికి అక్క అప్పుడే వచ్చింది. పాప చేతులు చాచింది. అక్క వంగి ఎత్తుకోబోయింది, చీర పక్కకి జరిగింది, మేనకోడలు చూసింది. నేనూ అప్పుడే మొదటిసారి చూశాను. నడుము చుట్టూ, వీపు మీదికి కూడా పాకి, అంచూ మొదలూ లేని మురికి రంగు మచ్చ.

"అమ్మా! ఏందిది? ఇంతుంటే చెప్పవా? ఇది పెట్టుకోని బిడ్డని చంకనేసుకుంటుండావా?"

"మందు పూస్తానే ఉండా మే. తగ్గిపోతాది."

"తగ్గినాక రా. అప్పటిదాకా నా బిడ్డని తాకబాక."

మా ఇంటి రక్తం కదా, కోపం ముక్కు మీదే. పన్నెండుమందిని ఒక్క కేకతో నిలబెట్టే అక్క, చాచిన చేతులు వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుంది. పాప ఏడుపు అందుకుంది. నాకు అక్కడ నిలబడ్డానికి సిగ్గేసింది.

మర్నాడు అక్క షాపుకొచ్చి రెండు ట్యూబులడిగింది. ఇంకా బాగా పట్టిస్తే తొందరగా పోతుందని ఆవిడ లెక్క. పోయినట్టే కనిపించింది కూడా. వారం తిరక్కముందే ఇంకో జానెడు పైకి పాకింది. అప్పుడు గానీ ఆ ట్యూబు మీద నాకు అనుమానం రాలేదు. షాపు మూసి, అక్కనీ మేనకోడల్నీ పాపనీ వెంటబెట్టుకుని నెల్లూరు బస్సెక్కాను. చర్మానికి లేడీ డాక్టరు ఎవరున్నారా అని వెతికి వెతికి ఒకావిడ దగ్గరికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ ముందు పాప తొడ చూసింది. తర్వాత తెర వెనక అక్క నడుము చూసి వచ్చింది. చిన్న బ్లేడుతో కాస్త పొలుసు గీకి, గాజు పలక మీద పెట్టి, ఏదో చుక్క వేసి, మైక్రోస్కోపులోకి చూసింది. అక్కనీ రమ్మంది. అక్క ఒక కన్ను మూసుకుని చూసి ఉలిక్కిపడింది. పొలంలో పారేసిన వల దారాల్లాగా కొమ్మలు కొమ్మలుగా పోగులు.

"ఇదంతా నా నడుములోనేనా మేడమ్?"

"నీ నడుములోదే. గీకింది ఇంత, దొరికింది అంత. పాపది మాత్రం బాగుంది, చూడు ఎంత చక్కగా ఉందో."

తామర చక్కగా ఉండడమేంటని మేం ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. డాక్టరమ్మ పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ ఎర్ర అంచు చూపించింది.

"ఈ ఫంగస్ మన చర్మం పైన చచ్చిన పొరని తిని బతుకుతుందమ్మా. దాని ఒంటిచుట్టూ గట్టి గోడ ఉంటుంది. రొయ్య పెంకులో ఉంటుందే, ఆ సరుకు అందులోనూ కొంత ఉంటుంది. ఇంకా ఒకరకం చక్కెర గొలుసులుంటాయి. మన ఒంట్లో దేనికీ అలాంటి గోడ లేదు. చర్మంలో కాపలా కాసే కణాలు ఆ గోడని తడిమి చూస్తాయి. తడిమిన వెంటనే, ఇది మన ఇంటిది కాదు అని పట్టేస్తాయి."

"రొయ్యకి మాదిరి పెంకా? నా నడుములో రొయ్యల గుంట తవ్వినారన్నమాట!"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "పట్టేశాక ఊరుకోవు. కబురు పంపిస్తాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తంలోంచి తెల్ల కణాలు పరిగెత్తుకొస్తాయి. అందుకే అంచు ఎర్రగా ఉబ్బింది. చర్మం కూడా పై పొరని గబగబా రాల్చేస్తుంది, ఫంగస్ ఆ పొలుసుతోపాటే ఊడిపోవాలని. మధ్యలో తేటగా ఉంది చూశావా? అక్కడ పాప ఒళ్లు గెలిచేసింది. ఫంగస్ ముందుకి పారిపోతోంది, ఒళ్లు తరుముతోంది. ఆ తరిమే చోటే ఈ అంచు."

"మరి నాకు అంచే లేదే?"

"నీకు తరిమేవాళ్లే లేరు. ఎవరో పడుకోబెట్టారు." డాక్టరమ్మ అక్క సంచిలోంచి ట్యూబు తీసి బల్ల మీద టక్కున పెట్టింది. "ఇందులో స్టెరాయిడ్ ఉంది. కబురు పోకుండా, కణాలు రాకుండా చేస్తుంది. దురద లేదు కాబట్టి రోగం పోయిందని నువ్వు సంబరపడ్డావు. అది హాయిగా పిల్లాపాపలతో పెరిగింది. ఏ షాపువాడిచ్చాడమ్మా ఇది? దొరికితే చెవులు పిండుతాను."

అక్క నా వైపు చూడను కూడా చూడలేదు. "యాడో తెచ్చుకున్నా మేడమ్, గుర్తు లేదు" అంది. నన్ను కాపాడ్డానికి అంత తేలిగ్గా అబద్ధమాడింది.

"నేనే మేడమ్. ఆ షాపు నాదే. ఈవిడ మా అక్క."

డాక్టరమ్మ కళ్లద్దాల పైనుంచి నన్ను ఆపాదమస్తకం చూసింది. చెవులు పిండలేదు గానీ, తర్వాత పది నిమిషాలు ఆవిడ అన్న మాటల కంటే పిండితేనే బాగుండేది. చివరికి అక్కకి మింగే మాత్రలు, స్టెరాయిడ్ లేని పూత మందు రాసింది. పాపకి పూత ఒక్కటే చాలంది. ఇంట్లో తువ్వాళ్లు ఎవరివి వాళ్లకే ఉండాలి, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి, నడుము తడిగా ఉండకూడదు. పాత ట్యూబు ముట్టుకోకూడదు. "ఒక్క సంగతి. మానేసిన నాలుగైదు రోజులకి మంటా ఎరుపూ ఇదివరకెప్పుడూ లేనంతగా వస్తాయి. భయపడొద్దు. పడుకున్నవాళ్లు లేస్తారు కదా, ఆ గోల" అంది.

వచ్చేదారిలో బస్సులో పాప అమ్మ ఒళ్లో, అక్క రెండు సీట్ల అవతల. పాప తిరిగి తిరిగి చూసింది. "అవ్వకి బాగాలేదు, తాకబాక" అని మేనకోడలు దాని చెయ్యి వెనక్కి లాగింది. తప్పు మేనకోడలిది కాదు.

అవి నాట్లు ముమ్మరంగా సాగే రోజులు, పైన వాన. అక్క పుట్టి బుద్ధెరిగి మొదటిసారి మడిలో దిగకుండా గట్టు మీద గొడుగేసుకుని పని చేయించింది. గుంపంతా ఆటపట్టించింది. "మేస్త్రమ్మకి ప్రమోషన్ వచ్చినాదంట, కలెక్టరమ్మ మాదిరి నిలబడుండాది చూడండే!" అని ఒకామె అంటే, "కుర్చీ తెప్పించమంటావా మేడమ్?" అని ఇంకొకామె. అక్క కూడా తగ్గలేదు. "వంకర్లు లేకుండా నాటండే, పైనుంచి అన్నీ కనపడతా ఉండాయి" అంది. కానీ ఆ నవ్వు వెనక నడుము మండిపోతోంది.

ఐదో రోజు మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చింది. ముఖం పీక్కుపోయింది. కుర్చీలో కూర్చోలేదు, నిలబడలేదు, అటూ ఇటూ తిరిగింది.

"రేయ్, ఆ ట్యూబు ఒక్కటియ్యి. ఒక్కసారి పూసుకుంటా. మళ్ల అడగను."

"వద్దక్కా."

"నిప్పులు పోసినట్టుండాదిరా. నిద్ర లేదు. నీకు దణ్ణం పెడతా."

అక్క నాకు దణ్ణం పెట్టడం! ట్యూబులు అట్టపెట్టెలో, నా కాళ్ల దగ్గరే ఉన్నాయి. చెయ్యి చాపితే అందుతాయి. ఇచ్చేస్తే రేపటికల్లా ఆవిడ ముఖం తేటపడుతుంది. ఇవ్వకపోతే మా అక్క నా ఎదుటే అల్లాడుతుంది.

"ఇయ్యనక్కా. ఏడాదిగా నీ ఒంట్లో కాపలావాళ్లని నేనే పడుకోబెట్టినా. ఇప్పుడు లేచినారు. మండేది రోగం కాదు, వాళ్లే."

"లేచి నన్నే కాలస్తుండారే!"

"నిన్ను గాదు. నీ నడుములో పెంకోణ్ణి. చూడు, అంచు కట్టింది గదా?"

అక్క ఆగింది. అద్దంలో చూసుకున్నానంది, పాపకి ఉన్నట్టే గుండ్రాలు గుండ్రాలుగా ఎర్రటి అంచు వచ్చిందని చెప్పింది. నేను దురదకి మింగే మామూలు మాత్ర ఇచ్చి, చల్లటి గుడ్డ తడిపి పిండి ఇచ్చాను. లోపల మందుల బీరువా వెనక కూర్చుని నడుముకి అద్దుకుంది. బయటినుంచి నేను మాట్లాడుతూనే ఉన్నాను. కాపలా కణాలు గోడని ఎలా తడుముతాయో, కబురు విన్న తెల్ల కణాలు ఎలా వచ్చి మీదపడతాయో, వాటిలో కొన్ని ఆ గోడ పోలికని ఏళ్ల తరబడి గుర్తుంచుకుని రెండోసారి వస్తే ఎంత తొందరగా పట్టుకుంటాయో, తెలిసిందంతా చెప్పాను. పరీక్షలో రాసినప్పుడు మార్కులొచ్చాయి గానీ, అర్థమైంది మాత్రం ఆ మధ్యాహ్నమే. "ఇంకా చెప్పరా, వింటుంటే కొంచెం మరుపుగా ఉండాది" అంది లోపలినుంచి. సాయంత్రందాకా చెప్పాను.

మర్నాడు గట్టు మీద అక్క ఆ పాఠమంతా తన పద్ధతిలో గుంపుకి చెప్పింది. ఎలా చెప్పిందో నాకు తెలియదు. పొద్దు వాలేసరికి పన్నెండుమందీ బురద కాళ్లతో షాపు ముందుకొచ్చి, పిండిన ట్యూబులూ పిండని ట్యూబులూ కౌంటర్ మీద కుప్ప పోశారు. "మా కాపలావాళ్లకి నిద్రమందు పెడతావా అబ్బయ్యా?" అని అందరికంటే ముసలామె నా చెవి పట్టుకుని మెలిపెట్టింది. ఆ వారమే ఆ గుంపుని మొత్తం వ్యానులో నెల్లూరు తీసుకెళ్లాను. డాక్టరమ్మ నన్ను చూసి, "ఇంకా ఎంతమందికి ఇచ్చావయ్యా?" అంది.

పది రోజులకి అక్క మంట తగ్గింది. రెండు నెలలు మాత్రలు మింగింది. చివరిసారి గీకి చూసినప్పుడు మైక్రోస్కోపులో ఒక్క పోగూ లేదు. పాపది ఎప్పుడో పోయింది. అక్క కొత్త చీర కట్టుకుని, నెల్లూరు బస్సు దిగి నేరుగా కూతురింటికే నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. మేనకోడలు డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చదివి, కళ్లొత్తుకుని, "పోవే, అవ్వ పిలస్తాంది పో" అని పాపని ముందుకి తోసింది.

పాప రెండడుగులు వెనక్కి వేసింది. తల అడ్డంగా ఊపింది.

"అవ్వ వద్దు. అవ్వకి బాగాలేదు."

అన్ని వారాలుగా నేర్పించాం కదా, బాగా నేర్చుకుంది. అక్క వాకిట్లో మెట్టు మీద కూలబడి, మంటకి ఏడవని మనిషి, అందరిముందూ భోరున ఏడ్చేసింది. "రేయ్, నాకు తగ్గినాదిరా. దానికి తగ్గలా" అంది. నా షాపులో దానికి మందు లేదు.

మేనకోడలే తేరుకుంది. ఫోను లైటు వేసి పాప చేతికిచ్చింది. "రావే, అవ్వకి యాడన్నా ఉండాదేమో నువ్వే చూడు" అంది. పాపకి లైటంటే పిచ్చి. భయపడుతూనే వచ్చి, అక్క అరచేతి మీద వేసి చూసింది. "లేదు." మోచెయ్యి. "లేదు." ముక్కులోకి వేసింది, చెవిలోకి వేసింది. "లేదు, లేదు." మేనకోడలు తల్లి చీర కాస్త జరిపింది. పాప వంగి ఆ నడుము మీద లైటు ఆనించి చాలాసేపు చూసింది, వేలు పెట్టి అటూ ఇటూ రాసింది.

"లేదు" అంది. ఫోను నా చేతిలో కుక్కి, రెండు చేతులూ పైకెత్తింది.

అక్క ఎత్తుకోలేదు. ముందు కూతురి ముఖంలోకి చూసింది.

"ఏందిమా అట్ట చూస్తావు, ఎత్తుకో" అంది మేనకోడలు.

అక్క పాపని చంకనేసుకుని లేచింది. సన్నగా చినుకులు పడుతుంటే వీధిలోకి నడిచి, తన గుంపులో ప్రతి ఆడమనిషి గడప ముందూ ఆగి, వాళ్లు బయటికొచ్చి చూసేదాకా నిలబడింది.